వెనక గేటు దాకా నీలి గీత

తార్నాకలో ఆటో ఎక్కుతూనే వనజ ఫోన్ ముందుకు చాచింది. పదింటికి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నిమిషం దాటినా లోపలికి రానివ్వరు.

"మ్యాప్ చెప్పినట్లే పోవాలె. చుట్టు తిప్పితే కంప్లైంట్ ఇస్తా!"

"గా వెనక గేటు, మేడం..." అన్నాడు డ్రైవర్ రాంచందర్.

"మాటలొద్దన్నా, నడుపు."

అతను నోరు మూసి హారన్ తెరిచాడు. మ్యాప్‌లోని నీలి గీత వెంటే వెళ్లి, గొలుసూ తాళమూ వేసిన వెనక గేటు ముందు ఆపాడు. గీత గేటు దూరి అవతలికి పోయింది. ఇద్దరి రాతా ఇవతలే ఆగింది.

"తాళమున్నదని తెల్సే తెచ్చినవా?"

"చెప్పనిచ్చినవా? ఆర్నెల్ల సంది బందే."

"మెయిన్ గేటుకు తిప్పు, జల్ది!"

"పది నిమిషాలు పడ్తది. తిప్పినంక కంప్లైంట్ ఇస్తే? పోయిన నెల ఒకాయన ఇస్తే రెండు దినాలు యాప్ల నా ఐడీ బంద్ వెట్టిన్రు. రాసియ్యి."

టైము తొమ్మిదీ నలభై ఆరు. వనజ పళ్లు నూరుతూ బయోడేటా వెనక 'దారి మార్చమన్నది నేనే' అని రాసి సంతకం పెట్టింది. రాంచందర్ అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు.

"తారీఖేది మేడం?" అని కాగితం తిరిగిచ్చాడు.

తారీఖు పక్కనే ఆమె కోపంతో టైము కూడా వేసింది: తొమ్మిదీ యాభై మూడు.