ఒకే పేరు మీద రెండు తూకాలు

రెండోసారి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: సగం బలంతో కొట్టుకునే గుండె, అరవై నాలుగు కిలోల రెండు వందల గ్రాముల ఒళ్లు, ఇంటి కిందే నలభై ఏళ్లుగా నడుస్తున్న తాళ్ల దుకాణం, మా ఆవిడ హెచ్చరిక ఒకటి.

"మూడోసారి మంచమెక్కారంటే షట్టర్ దించేస్తా. మళ్లీ ఎత్తమని నన్నడగొద్దు."

నాతో బేరానికి దిగి వెనక్కి తగ్గనివాళ్లు తక్కువ. వాళ్లలో ఆవిడ మొదటిది.

గుండె సరిగా తోడకపోతే ఒంట్లో నీరు నిలుస్తుందని, అది కంటికి కనబడేలోపే కాటాకి తెలుస్తుందని డాక్టరు చెప్పాడు. రోజులో కిలో గానీ, వారంలో రెండు కిలోలు గానీ పెరిగితే నర్సుకి కబురు వెళ్లాలి. సెల్‌ఫోన్లు బాగుచేసే మా బావమరిది ఆ సాయంత్రమే ఒక కాటా పట్టుకొచ్చాడు. పలకలా ఉంది. ఎక్కితే బరువు తనే ఫోన్‌లోకి పంపుతుంది, అక్కణ్ణుంచి నర్సుకి వెళ్తుంది.

"అక్కా, నువ్వూ ఎక్కు. తోడు లేకపోతే బావ ఎగ్గొడతాడు," అన్నాడు. "ఎవరు ఎక్కారో బరువును బట్టి అదే పోల్చుకుంటుంది." మా ఆవిడ బరువు అరవై ఆరున్నర.

మా దుకాణంలో తూచేవాడు వేరు, రాసేవాడు వేరు. ఇద్దరూ ఒకరైతే లెక్కకి విలువ ఉండదు. ఆ పద్ధతే ఇంట్లోనూ పెట్టాను. కాటా తూస్తుంది, ఫోన్ రాస్తుంది, మధ్యలో నేను వేలు పెట్టను. పొద్దున్నే కళ్లజోడు లేకుండా ఎక్కి, ఎదురుగోడ చూస్తూ నిలబడి, దిగిపోయేవాణ్ణి.

పదిరోజులు బాగానే నడిచింది. పదకొండో రోజున ఫోన్ నిలదీసింది: ఈ రోజు మీరు బరువు చూసుకోలేదు.

"ఎక్కలేదా?" అంది మా ఆవిడ.

"ఎక్కాను."

"ఎక్కితే దానికి మీ మీద పగా?"

"నీ తమ్ముడు తెచ్చిన సరుకేగా. నీ వైపే మాట్లాడుతుంది."

మర్నాడూ అదే గొడవ. మా ఆవిడ ముఖం మాడ్చుకుని స్నానానికి వెళ్లింది. దుకాణంలో ఇరవై కిలోల మోకు చుట్ట కనబడకపోతే ఊరుకునే మనిషిని కాను. అలాంటిది రెండురోజులుగా నేనే కనబడకుండా పోయాను. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తెరిచాను.

నా పేరు మీద ఆఖరి తూకం అరవై ఐదు కిలోల వంద. ఆ తర్వాత ఖాళీ. మా ఆవిడ పేరు మీద మాత్రం నిన్న రెండు తూకాలు, ఈ రోజు రెండు తూకాలు. ఈ రోజు ఆరుంబావుకి అరవై ఆరు కిలోల ఏడు వందలు, ఆరున్నరకి అరవై ఆరున్నర.

ఒక గదిలో తగ్గిన సరుకు పక్క గదిలో పెరిగిందంటే దొంగ పడ్డట్టు కాదు, చీటీ మారినట్టు. ఆరుంబావుకి కాటా ఎక్కింది నేను. నాలుగు రోజుల్లో రెండున్నర కిలోలు పెరిగి మా ఆవిడ బరువుకి చేరేసరికి, కాటా నన్ను ఆవిడే అనుకుంది.

నిజానికి కాటా చెప్పకముందే నాకు అనుమానం ఉంది. మెట్లెక్కుతూ రెండుసార్లు ఫోన్ చూస్తున్నట్టు నటించి ఆగాను. ఇప్పుడు కాలిమీద బొటనవేలితో నొక్కాను. గుంట పడి అలాగే ఉండిపోయింది.

ఆ తప్పు సంగతి నాకొక్కడికే తెలుసు. సరిచేశానంటే కబురు నర్సుకి వెళ్తుంది, నన్ను ఆసుపత్రికి రమ్మంటుంది, కింద షట్టర్ పడుతుంది. ఊరుకుంటే కనీసం ఈ రోజుకి దుకాణం నాది. కానీ బరువు కోసం తాళ్లకి నీళ్లు చల్లి తెచ్చే వాళ్లని నా జన్మలో ఎందరినో చూశాను. తడి చుట్టని వెనక వరసలో దాస్తే ఆరదు, లోపలే కుళ్లుతుంది. నిన్నటిదీ ఈ రోజుదీ, నా తూకాలు రెండింటినీ నా పేరు మీదకి మార్చాను.

పది నిమిషాల్లో నర్సు ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను.

"సార్, పడుకుంటే ఆయాసం వస్తోందా? ఛాతీలో నొప్పి?"

"లేవమ్మా. మెట్ల దగ్గరే ఇబ్బంది."

"ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

తల తుడుచుకుంటూ వచ్చిన మా ఆవిడ అందుకుంది. "నా వంటలోంచి కాదు!"

"దుకాణంలో సొరుగులో..." అన్నాను. "ఉప్పు పల్లీలు."

మా ఆవిడ తువ్వాలు కుర్చీమీద విసిరింది. నర్సు డాక్టరుని అడిగి మళ్లీ చేసింది. మూడురోజులు ఒంట్లో నీరు తీసే మాత్ర రెట్టింపు, రేపు రక్తపరీక్ష. "ఇంకా పెరిగినా, ఆయాసం ఎక్కువైనా వెంటనే వచ్చేయాలి. ముందే తెలిసింది కాబట్టి ఇప్పటికి చేరక్కర్లేదు సార్."

చేరక్కర్లేదన్న ఆ ఒక్క మాటతో గుండెమీంచి బండ దిగినట్టైంది. మా ఆవిడ ఫోన్ లాక్కుని, "మళ్లీ చెప్పండమ్మా," అంది. రెండోసారి విన్నాక కూర్చుని కళ్లు తుడుచుకుంది.

బావమరిది వచ్చి కాటా సంగతి విని పగలబడి నవ్వాడు. "ముప్పై ఏళ్ల కాపురం చేసి ఆఖరికి అక్కవైపోయావా బావా!"

"నోర్ముయ్‌రా. ముందు దాన్ని సరిచెయ్," అంది వాళ్లక్క. ఇప్పుడది ఎవరు ఎక్కారో అడిగి గానీ రాయదు. అంకె నేనూ చూస్తున్నాను. ఆ ఒక్క విషయంలో నా పాత పద్ధతి మార్చుకున్నాను.

ఐదోరోజు తూకం అరవై నాలుగు కిలోల మూడు వందలు. రక్తపరీక్షలో తేడా ఏమీ లేదు.

ఆఖరి లెక్క ఇది. పోయినవి: రెండు కిలోల నాలుగు వందల గ్రాముల నీరు, పల్లీల సొరుగు. మిగిలినవి: తప్పిన ఆసుపత్రి, బూట్లు నా అంతట నేను తొడుక్కునే ఊపిరి. మా ఆవిడ రోజూ మధ్యాహ్నం దుకాణానికొచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. అది రాబడి.