రవ్వముద్ద ఎటువైపు

నేను ఒక మృదంగాన్ని. నా గొంతు పోయింది ఒక విజయదశమి నాడు, గుమ్మాలకి మామిడాకులు కట్టి, వంటింట్లో పులిహోర కలుపుతున్న వేళ. పోగొట్టినవాడు పగవాడేమీ కాదు. తలంటుకుని, బొట్టు పెట్టుకుని, నా ముందు భక్తిగా బాసింపట్టు వేసుకుని కూర్చుని మరీ పోగొట్టాడు. అందుకే నా కోపం ఇంకా చల్లారలేదు.

కొట్టినందుకు కోపమని అనుకోకండి. కొట్టించుకోవడమే నా బతుకు. చెయ్యి ఎంత గట్టిగా పడినా నేను నొచ్చుకోను, పడవలసిన చోట పడితే చాలు. నాకు మండేది దెబ్బకి కాదు, దిద్దుబాటుకి.

నా ఒళ్ళు పనసకర్ర. లోపలంతా డొల్ల. రెండు వైపులా తోలు మూతలు. ఒకవైపు మూత చిన్నది. దాని నడుమ గుండ్రంగా నల్లటి పూత ఉంటుంది. ఇనపరాతి పొడిని మెత్తటి అన్నంలో కలిపి, పొర మీద పొర వేసి, ప్రతి పొరనీ నున్నటి రాయితో రుద్ది ఆ పూత పెడతారు. నా గొంతులోని ఖంగు అక్కడిదే. రెండోవైపు మూత పెద్దది, దానికి పూత ఉండదు. వాయించబోయే ముందు తడిపిన బొంబాయిరవ్వ ముద్దని దాని మధ్యన అంటిస్తారు, అప్పుడది గంభీరంగా పలుకుతుంది. కచేరీ అయ్యాక ఆ ముద్దని గీకి తీసేస్తారు. పూత ఉన్న వైపు తడి తగలకూడదు. నా గురించి తెలియవలసింది ఇంతే. ఇంత చిన్న సంగతి తెలియకుండా ఒక ఇంట్లో నలభై ఏళ్ళు ఎలా బతకవచ్చో కూడా చెబుతాను.

నా మూతలూ, వాటిని బిగించిన వార్లూ అన్నీ పశువుల తోళ్ళే. చెప్పుల్ని గడప దాటనివ్వని ఇళ్ళలోనే నన్ను పట్టుగుడ్డ చుట్టి దేవుడి గూట్లో కూర్చోబెడతారు. మైల అనే మాటని మనుషులు ఎంత వీలుగా వాడుకుంటారో నాకు ఆ గూట్లో కూర్చునే తెలిసింది. అవసరమైన వాటికి కడిగేస్తారు, లొంగనివాటికి పూస్తారు.

నన్ను మొదట కొన్నది పెద్దాపురంలో ఒక బియ్యం మిల్లు ఆసామి. కొడుకుకి ఏ వాయిద్యం నేర్పించాలా అని ఆయన ఆలోచించలేదు. హాల్లో సోఫా పక్కన ఏది నిండుగా కనబడుతుందా అని ఆలోచించాడు. ఆ కొడుకు దసరాకి మొదలుపెట్టి దీపావళికి మానేశాడు. ఆ తరవాత నా మీద టెలిఫోన్ పెట్టుకున్నారు. ఫోను మోగినప్పుడల్లా నా తోలు సన్నగా అదిరేది. ఆ ఇంట్లో నేను పలికింది అంతే.

అక్కడినుంచి నన్ను సామర్లకోట తీసుకువచ్చినవారు పేర్రాజు గారు. హరికథలకీ, భజనలకీ మృదంగం వాయించేవారు. ఆయన చేతుల గురించి ఎక్కువ చెప్పను. చెప్పడం మొదలుపెడితే ఆపడం నా చేతకాదు. మనవరాలి గురించి చెబుతాను.

ఆ పిల్ల పేరు హైమ. పేర్రాజు గారి కూతురు మంగతాయారు బిడ్డ. తండ్రి రైల్వే గార్డు, బండితో పాటే తిరుగుతూ ఉండేవాడు కనుక తల్లీబిడ్డా ఎక్కువగా ఈ ఇంట్లోనే ఉండేవారు. హైమది పుర్రచెయ్యి. అన్నం తినడానికి ఎడమ చెయ్యి చాపితే తల్లి ఆ చేతికి తువ్వాలు చుట్టి కూర్చోబెట్టేది. బడిలో పలక కుడిచేతికి మార్చారు. పిల్ల నేర్చుకుంది. ఏడుస్తూనే నేర్చుకుంది గానీ, ఏడుపుని ఎవరు లెక్కపెడతారు? పిల్ల దారికొచ్చిందన్నారు.

ఒక సాయంత్రం పేర్రాజు గారు సాధన చేస్తుంటే హైమ ఎదురుగా వచ్చి కూర్చుని, ఆవైపునుంచే నా మీద చేతులు వేసింది. తాతకి కుడివైపు ఉన్న నల్లపూత, ఎదురుగా కూర్చున్న ఆమెకి ఎడమ చేతి కిందికి వచ్చింది. ఆ ఎడమ చెయ్యి నా మీద పడిన తీరుకి పేర్రాజు గారు సగంలో ఆగిపోయారు.

"ఏదీ, మళ్ళీ వెయ్యమ్మడూ."

మళ్ళీ వేసింది. పెద్దాయన పకపకా నవ్వి, నన్ను ఎత్తి అటుదిటు తిప్పి ఆమె ఒళ్ళో పెట్టారు. వంటింటి గుమ్మంలోంచి మంగతాయారు చూస్తూ నిలబడింది.

"ఎడం చేత్తో ఏటి నాన్నా, నలుగురూ నవ్వుతారు!"

"నవ్వుకోనీవే తాయారూ. ఫిడేలు ఒప్పుకోదు, వీణ ఒప్పుకోదు. ఇది తిప్పితే తిరుగుద్ది. దీనికి లేని అభ్యంతరం నీకెందుకు?"

పదో ఏడు వచ్చాక, చేతులు కాస్త గట్టిపడ్డాక, విజయదశమికి పాఠం మొదలుపెడదామన్నారు ఆయన. పదో ఏడు రాకముందే ఆయన వెళ్ళిపోయారు. నన్ను గోడవైపు తిప్పి పెట్టారు. ఏడాది పాటు నా మీద ఎవరి చెయ్యీ పడలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

సంవత్సరీకాలు అయ్యాక ఇంట్లో ఒక చర్చ లేచింది. హైమ ఏ వాయిద్యం నేర్చుకోవాలి? పేర్రాజు గారి కొడుకు కొండబాబు ఇప్పుడు ఇంటి పెద్ద. తండ్రి దగ్గర ఒక్క దరువు నేర్చుకోలేదు గానీ, తండ్రి సంగీతానికి వారసుణ్ణని నలుగురిలో చెప్పుకోవడం బాగా నేర్చుకున్నాడు.

"కీబోర్డు కొనేద్దాం. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టేసుకుంటే పక్కింటోళ్ళకి కూడా వినపడదు," అన్నాడు.

ఎవరికీ వినపడకుండా సంగీతం నేర్చుకోవడం ఆయనకి గొప్ప సౌకర్యంగా కనబడింది. మంగతాయారు వీణ అంది. పెళ్ళిచూపుల్లో ఫొటోకి బాగుంటుందని పక్కింటావిడ తోడు పలికింది. పదేళ్ళ పిల్లకి అప్పుడే పెళ్ళిచూపులు! చివరికి ఫిడేలు ఒకటి అద్దెకి తెచ్చారు. నేర్పడానికి వచ్చినాయన హైమ ఎడమ చేతిలోంచి కమాను తీసి కుడిచేతిలో పెట్టాడు. ఆమె మళ్ళీ మార్చుకుంది. ఆయన మళ్ళీ తీశాడు. వారం తిరక్కుండా ఫిడేలు కొట్టుకి వెళ్ళిపోయింది. పక్కింటి వీణ దగ్గరా అదే జరిగింది. మీటవలసింది కుడిచెయ్యే అన్నారు.

ఇంతమంది ఇన్ని వాయిద్యాలు ఎంచారు. నీకేం కావాలని పిల్లని అడిగినవాళ్ళు లేరు. ఆమే చెప్పింది, భోజనాల దగ్గర.

"నాకు తాత మృదంగం కావాలి."

"ఆడపిల్లవి, మృదంగం ఏటే? అదీ పుర్రచేత్తో!" అన్నాడు కొండబాబు.

"అన్నం కుడిచేత్తో తింటున్నాను మావయ్యా. రాయడం కుడిచేత్తో రాస్తున్నాను. ఇదొక్కటీ నా చేత్తో చేసుకుంటాను."

ఒకప్పుడు ఆ ఎడమ చేతికి తువ్వాలు చుట్టిన తల్లి తల వంచుకుంది. "తిప్పి ఇచ్చింది నాన్నే అన్నయ్యా," అంది. కొండబాబు ఒప్పుకోక తప్పలేదు. జగ్గారావు మాస్టారని మృదంగం నేర్పేవారు ఊళ్ళో ఉన్నారు. ఆయన వచ్చి చూసి, ఎడమచేతి వాటమైతే మృదంగం తిప్పి నేర్పుతాను, ఇబ్బంది లేదన్నారు. విజయదశమికి ముహూర్తం పెట్టారు.

ఆ పొద్దున హైమ నన్ను తుడిచి, తన వాటానికి తిప్పి, చాప మీద పెట్టింది. నల్లపూత ఎడమకి, పెద్ద మూత కుడికి. జడ వేయించుకోవడానికి లోపలికి వెళ్ళింది. మాస్టారు వచ్చేలోగా మృదంగాన్ని సిద్ధం చేసి ఉంచడం ఇంటి పెద్ద పని అని కొండబాబుకి తోచింది. గిన్నెలో రవ్వ తడిపి తెచ్చాడు. తండ్రి ఎడమవైపు రవ్వ పెట్టడం పుట్టినప్పటినుంచీ చూశాడు. ఎందుకు పెడతారో ఒక్కసారీ అడగలేదు. ఎడమవైపు అన్నదొక్కటే గుర్తుంచుకున్నాడు. నీళ్ళు ఓడుతున్న ఆ ముద్దని నా నల్లపూత మీద అదిమాడు.

సగం జడతో హైమ పరిగెత్తుకొచ్చింది.

"మావయ్యా, అటు కాదు! ఆ వైపు తడపకూడదు!"

"నోర్ముయ్. నాన్న ఎడంవైపే పెట్టేవోడు. నేను నలభై ఏళ్ళు చూశాను, నువ్వెంత?"

"నేను తిప్పి పెట్టాను మావయ్యా! రవ్వ పెద్ద మూతకి పెట్టాలి!"

"తిప్పితే ఎడం కుడైపోద్దా? పోయి జడేయించుకో."

ముద్ద నిలవలేదు, జారింది. ఇంకాస్త అదిమాడు. అన్నంతో పట్టించిన పూత నీళ్ళకి ఉబ్బింది. అప్పుడు కంగారుపడి, చెంచా తెచ్చి గీకాడు. రవ్వతో పాటు నా పూత పెళ్ళలు పెళ్ళలుగా లేచి వచ్చింది. నేను అరవలేను. ఎవరైనా చెయ్యి వేస్తేనే నాకు మాట. ఆ చెయ్యి వేయవలసిన పిల్ల గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

జగ్గారావు మాస్టారు వచ్చారు. కూర్చుని, నన్ను దగ్గరికి లాక్కుని, చిన్న మూత మీద వేలు వేశారు. టప్ మంది. తడిసిన అట్టపెట్టె అంతే. పూత పగుళ్ళలో రవ్వపలుకులు ఇంకా ఉన్నాయి. ఆయన వాటిని చూశారు. కొండబాబు వేళ్ళు చూశారు. ఏం జరిగిందో ఆయనకి పూర్తిగా అర్థమైంది.

"నాన్నగారి కాలం నాటిది కదండీ. పాతబడిపోయిందేమోనండి," అన్నాడు కొండబాబు.

మాస్టారు చేతికి కాఫీ వచ్చింది.

"అంతేనండి. పాతబడింది," అన్నారు.

ఈ కథలో నన్ను ఎక్కువ మండించేది ఈ మాట. కొండబాబుకి తెలియదు. ఈయనకి తెలుసు. తెలిసీ, ఇంటాయన చిన్నబోతాడని, పండగపూట ఎందుకని, మొగమాటపడ్డారు. మొగమాటం చాలా మర్యాదైన గుణమని మనుషులు అనుకుంటారు. ఆ మర్యాద ఎప్పుడూ పెద్దవాళ్ళ కోసమే ఖర్చవుతుంది.

కొండబాబుకి ధైర్యం వచ్చింది. "శకునం చూడండి మాస్టారూ. ఎడం చేత్తో విద్య మొదలెడతానంటే ఆ చదువులతల్లి ఊరుకుంటుందా?"

అందరూ హైమ ఎడమ చేతివైపు చూశారు. ఆమె దాన్ని దాచుకోలేదు.

"మాస్టారూ, రవ్వ పెట్టింది మావయ్యండి. ఆయన వేళ్ళు మీరు చూశారు కదండీ."

మాస్టారు కాఫీగ్లాసులోకి చూశారు.

"పెద్దవాళ్ళతో మాట్లాడే తీరేనా ఇది?" అంది మంగతాయారు.

తరవాత ఆమే వంటింట్లో అన్నని నిలదీసింది. "తప్పు నీది అన్నయ్యా. పిల్ల చెయ్యి ఏం చేసింది?" అని ఏడ్చింది. గోడ ఇవతల నాకు వినబడింది. హాల్లో అనవలసిన మాట అది. హైమ వినేలా, మాస్టారు వినేలా అనవలసిన మాట. వంటింట్లో చెప్పిన నిజంతో నా గొంతు రాదు, పిల్ల చేతికి అంటించిన నింద పోదు. నా ఒంటి నిండా చచ్చిన పశువుల తోలు ఉంది, దాని ముందు హారతి ఇచ్చారు. బతికున్న పిల్ల చెయ్యి మాత్రం అపశకునం అయింది.

మాస్టారు తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయారు. కార్తీకమాసంలో కీబోర్డు వచ్చింది. హైమ దాని మీది ప్లాస్టిక్ కవరైనా తీయలేదు. నన్ను బీరువా పైకి ఎక్కించారు.

ఆదివారాలు మధ్యాహ్నం కొండబాబు నిద్రపోయినప్పుడు హైమ కుర్చీ వేసుకుని నన్ను దింపుతుంది. తన వాటానికి తిప్పి పెట్టుకుంటుంది. పెద్ద మూత మీద కుడిచెయ్యి వేస్తుంది, అది ఇప్పటికీ పలుకుతుంది. ఎడమ చెయ్యి చిన్న మూత దాకా తెచ్చి, తోలుకి తగలకుండా పైనే ఆడిస్తుంది. వేళ్ళు తడబడవు.

మొన్న తల్లి గుమ్మంలోకి వచ్చి చూసింది. వద్దనలేదు.

"అమ్మా, పూత ఎప్పుడు వేయిస్తావు?"

"చూద్దాంలే."

"మాస్టారు మళ్ళీ వస్తారా?"

మంగతాయారు ఆరిన బట్టలు మడతపెట్టింది.

నాకు పూత మళ్ళీ వేయించలేదు. తప్పు పిల్లది కాదని పిల్ల ఎదుట ఎవరూ అనలేదు. హైమకి మొదటి పాఠం ఇంకా చెప్పలేదు.