లేబులు లేని జత

మా నర్సీపట్నంలో ఏ దర్జీ దగ్గరికైనా వెళ్ళి మిలటరీ పచ్చ రంగు జత కుడతావా అని అడగండి. ముందు మీ ముఖం చూస్తాడు. తర్వాత మీ వెనక ఎవరైనా ఉన్నారా అని చూస్తాడు. ఆ తర్వాత ఉత్తరం ఉందా అంటాడు. ఎన్‌సిసి మాస్టారో, ఏదైనా ఆఫీసు వాళ్ళో ముద్ర వేసి ఇచ్చిన ఉత్తరం. అది చూపించినా సరే, కాలరు చుట్టూ తెల్ల పైపింగు వేయకుండా చొక్కా చేతికివ్వడు. అడవిలో దాక్కునేవాడు తెల్ల గీత ఉన్న చొక్కా వేసుకోడు కదా. ఆ గీత ఉంటే ఇది పిల్లల కవాతు చొక్కా అని ఎవరైనా ఒప్పుకుంటారు. ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు. దెబ్బలు తిన్నాక దర్జీలం మేం పెట్టుకున్న కట్టుబాటు ఇది.

ఆ దెబ్బలు మొదట తిన్నవాణ్ణి నేనే. నా పేరు క్రీస్తురాజు, నా షాపు చర్చి సందులో ఉంది. తొంభై నాలుగులో ఎవరో ఒక మనిషి వచ్చి, జీడిపప్పు ఫ్యాక్టరీ వాచ్‌మెన్లకని చెప్పి పచ్చ రంగువి పన్నెండు జతలు కుట్టించుకున్నాడు. నేను సంతోషంగా కుట్టిచ్చాను. నెల తిరక్కుండా ఆ జతలు అడవిలో తేలాయి, నన్ను తీసుకుపోయారు. ఎవరు తీసుకుపోయారో, ఎక్కడ ఉంచారో చెప్పను. పదమూడేళ్ళయినా చెప్పను. తొమ్మిది రోజులున్నాను. బయటికొచ్చాక నా కుడిచేతి బొటనవేలు మళ్ళీ మడత పడలేదు. కత్తెర ఎడమచేత్తో పట్టుకోవడం నలభై ఏళ్ళ వయసులో నేర్చుకున్నాను.

ఆ తొమ్మిది రోజులూ మా చెల్లెలు సారా అన్నం క్యారేజీ పట్టుకుని బయట కూర్చునేది. పక్కన దాని కొడుకు కిరణ్ బాబు, అప్పటికి పదకొండేళ్ళవాడు. వాడి తండ్రి చిన్నప్పుడే పోయాడు. మా ఆవిడ ధనమ్మకి పిల్లల్లేరు. వాడు మా ఇద్దరిళ్ళ మధ్యా పెరిగాడు. ఇంటికొచ్చిన రోజున నా వేలికి ఆముదం రాసింది వాడే.

ఆ కిరణ్ బాబు రెండువేల ఏడు ఫిబ్రవరిలో విశాఖపట్నం నుంచి ఒక కాగితం మడత పెట్టుకుని వచ్చాడు. అక్కడ కంప్యూటర్ల కంపెనీలో రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. మార్చిలో ముగ్గురిని పర్మనెంటు చేస్తారట. ఎవరిని చెయ్యాలో తేల్చేది వాళ్ళ మేనేజరు. ఆ మేనేజరుకి కొత్త సరదా ఒకటి పట్టుకుంది. ఎయిర్‌సాఫ్ట్ అట. బ్యాటరీ తుపాకుల్లో ప్లాస్టిక్ గుళ్ళు పోసుకుని, రెండు జట్లుగా విడిపోయి తోటల్లో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోవడం. వచ్చే ఆదివారం ఆఫీసంతా ఆడాలి. తుపాకులు ఆయన ఇస్తాడు. కంబాట్ షర్టూ ప్యాంటూ, అంటే సైనికుల్లాంటి జత, ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి.

నాకు ఒళ్ళు మండింది. మా వైపు ఆ బట్టల్లో చచ్చినవాళ్ళూ ఉన్నారు, ఆ బట్టల మూలంగా చచ్చినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళకి అది ఆదివారం ఆట. ఆ మాటే అన్నాను. వాడు తల దించుకుని విన్నాడు. చివరికి, వెళ్ళకపోతే నేను వాళ్ళ మనిషిని కాదనుకుంటారు మావయ్యా, అన్నాడు. షాపులో రెడీమేడ్ జత దాదాపు వాడి నెల జీతం. మిగతావాళ్ళంతా ఫారిన్ సరుకు తెప్పించుకున్నారట. వీడికి తక్కువలో, చూడ్డానికి అలాగే ఉండే జత కావాలి.

కాగితం మీద బొమ్మ చూశాను. చొక్కాకి ఒళ్ళంతా బనీను గుడ్డ, చేతులకి మాత్రం దళసరి డ్రిల్లు, భుజం కింద ఏటవాలు జేబు. ప్యాంటుకి మోకాళ్ళ దగ్గర రెండు పొరలు, మధ్యలో స్పాంజి. ఎవడు కనిపెట్టాడో గానీ తెలివైనవాడే. పైన బరువులు కట్టుకున్నా ఒళ్ళు ఉడకదు, పాకినా మోచేతులు చిరగవు. తిట్టుకుంటూనే కొలతలు తీసుకున్నాను. నాలో దర్జీ అలాంటివాడు, మంచి కోత కనిపిస్తే కోపం మర్చిపోతాడు.

గుడ్డ మా ఊళ్ళో కొనలేం. ఏ కొట్టువాడైనా ఉత్తరం అడుగుతాడు, పైగా క్రీస్తురాజు మళ్ళీ పచ్చ గుడ్డ కొన్నాడని మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. అందుకని ఇద్దరం బస్సెక్కి యలమంచిలి వెళ్ళాం. అక్కడ రైలు స్టేషను దారిలో తునకలమ్మే కొట్లో రెండు తానులు మాకు పనికొచ్చేవి దొరికాయి. ఒకటి ఎండుగడ్డి రంగు. పాలిస్టరు ఎక్కువ, ఎండలో మెరుస్తుంది, రెండు ఉతుకులకి రంగు దిగుతుంది. రెండోది మిలటరీ పచ్చ. అసలైన నూలు డ్రిల్లు. అంచు దగ్గర నేతలో లోపముందని మిల్లువాళ్ళు తీసేసిన సరుకు, అందుకే ధర కూడా తక్కువ. కిరణ్ నా ముఖంలోకి చూసి, గడ్డి రంగుదే తీసుకుందామా మావయ్యా, అన్నాడు. వాడికి గుర్తుంది. నేనే వినలేదు. వేళ్ళ మధ్య ఆ పచ్చ డ్రిల్లు నలిపి చూశాక గడ్డి రంగు మీదికి చెయ్యి పోలేదు. నాసిరకం గుడ్డ మీద కత్తెర పెట్టనని ముప్పై ఏళ్ళుగా గొప్పలు చెప్పుకుంటున్నవాణ్ణి. ఆ గొప్పే నా చేత పచ్చ గుడ్డ కొనిపించింది. దేనికని కొట్టువాడు అడిగితే, సంచులకని అబద్ధం చెప్పాను.

మూడు రోజులు తలుపు సగం మూసుకుని కుట్టాను. చొక్కాకి తెల్ల పైపింగు తగిలిస్తుంటే వాడు నా పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"అదొద్దు మావయ్యా," అన్నాడు. "బేండు మేళం డ్రెస్సులాగుంటాది. నవ్వుతారు."

పైపింగు లేకుండా ఇవ్వననాలి. పదమూడేళ్ళుగా ఊళ్ళో దర్జీలంతా అలాగే అంటున్నారు. కానీ వాడు ఎప్పుడూ ఏదీ అడగని పిల్లాడు. ఆట ఎక్కడా అంటే భీమిలి దగ్గర, సముద్రం ఒడ్డున అన్నాడు. భీమిలిలో ఎవడికి పట్టింది అనుకుని పైపింగు ఊడదీశాను.

ఒక అలవాటు మాత్రం మానలేదు. అది మా నాన్న నేర్పింది. కుట్టిన ప్రతి ప్యాంటుకీ జేబు సంచి అడుగున, లోపలి మూల, నీలం దారంతో నువ్వుగింజంత సిలువ వేస్తాం. తొడుక్కున్నవాడు క్షేమంగా ఇంటికి రావాలని. గిరాకీలకి దాని సంగతి తెలీదు. మా ఇంట్లోవాళ్ళకి మాత్రం తెలుసు.

జత వేసుకుని అద్దం ముందు నిలబడితే వాడు ఎంత బాగున్నాడో చెప్పలేను. నా కడుపు నిండిపోయింది. నిజం చెప్పొద్దూ, అంత బాగా నేనెప్పుడూ కుట్టలేదు.

ఆట భీమిలిలో జరగలేదు. శనివారం సాయంత్రం మేనేజరు చోటు మార్చేశాడు. ఆయన స్నేహితుడెవరికో నాతవరం అవతల, తాండవ రిజర్వాయరు వైపు జీడితోట ఉందట. అడివిలాగే ఉంటుంది, మజాగా ఉంటుందన్నాడట. మా వైపు పసిపిల్లాణ్ణడిగినా వద్దని చెప్పేవాడు. వాళ్ళందరిలో మా వైపు మనిషి వీడొక్కడే. చెప్పబోయాడట గానీ, భయమైతే రావద్దులే అన్నారట.

తుపాకులు పట్టుకుని తోటలో పాకుతున్నవాళ్ళని గొర్రెలవాళ్ళు చూశారు. గంటలో జీపులొచ్చాయి. అందరినీ బోర్లా పడుకోబెట్టి, తుపాకులు ప్లాస్టిక్‌వని తేలాక లేపారు. మేనేజరు ఇంగ్లీషులో మాట్లాడి కార్డు చూపించాడు, ఎవరికో ఫోను చేసి ఇచ్చాడు. కాలర్లు తిప్పి చూస్తే అందరికీ ఫారిన్ కంపెనీల లేబుళ్ళున్నాయి. ఒక్కడి కాలరుకి లేదు. ఆ ఒక్కడి గుడ్డా అచ్చం అడవి లోపలివాళ్ళు కట్టే గుడ్డే. కుట్టు చూస్తే చేయితిరిగిన దర్జీ పని. ఇతనెవరని మేనేజరునడిగితే, కాంట్రాక్టు కుర్రాడండీ, ఈ ప్రాంతంవాడే, పెద్దగా తెలీదు, అన్నాడట. రెండేళ్ళు ఆయన ఎదురుగా కూర్చుని పనిచేసినవాడు. వాళ్ళకి టీలిచ్చి పంపేశారు. వీణ్ణి జీపెక్కించారు.

నేను చర్చి నుంచి వచ్చి భోంచేసి షాపు అరుగు మీద కూర్చున్నాను. జీపు వచ్చి ఆగింది. ముందు సీటులోంచి ఒక ఆఫీసరు దిగాడు. చేతిలో నేను కుట్టిన చొక్కా. వెనక ఇద్దరి మధ్య కిరణ్ బాబు, బనీనూ ఆ ప్యాంటూ వేసుకుని. ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. ఈ అబ్బాయి నా మేనల్లుడేనా అంటే అవునండి అన్నాను.

"ఇది తన మావయ్యే కుట్టాడంటున్నాడు. నీ పనేనా?"

అవునండి, ఆటకోసం కుట్టానండి అంటే అయిపోయేది. ఒక్క మాట. నోరు తెరిచాను కూడా. బొటనవేలి మొదట్లో ఆ పాత నొప్పి ఒక్కసారి లేచింది. పన్నెండు జతలు గుర్తొచ్చాయి. ఊడదీసిన పైపింగు ఇంకా మిషను కిందే పడుంది.

"కాదండి," అన్నాను. "నేను ఆ రంగు ముట్టుకోను. ఊళ్ళో ఎవరినైనా అడగండి."

కిరణ్ నా వైపు చూశాడు. వాడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. నా ముఖం చూశాడు, తర్వాత నా కుడిచేతిని చూశాడు. చెయ్యి మెల్లిగా బయటికి తీసేశాడు.

"అబద్ధం సెప్పినానండి," అన్నాడు ఆఫీసరుతో. "యలమంచిలి సంతలో కొన్నాను. ఎవుడు కుట్టినాడో తెల్దండి."

మాట మార్చినవాణ్ణి ఎవరు వదులుతారు? నాలుగు రోజులుంచారు. సారా మళ్ళీ క్యారేజీ పట్టుకుని బయట కూర్చుంది. వచ్చి ఒక్కమాట చెప్పమని నాకు కబురు మీద కబురు పంపింది. నేనొస్తే సంగతి ఇంకా ముదురుతుందని ధనమ్మతో చెప్పించాను. ధనమ్మ ఆ మాట చెప్పొచ్చి, నా కంచంలో అన్నం పెట్టి, నాతో కలిసి తినకుండా లేచిపోయింది. షాపు తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను. ప్రార్థన చేద్దామని మోకరించాను. ఏమని అడగను?

గురువారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, వీడు మా దగ్గర పనిచేసేవాడేనని. దాంతో వదిలేశారు. శనివారం కంపెనీ నుంచే ఇంకో ఉత్తరం వచ్చింది, ఇక పనిలోకి రానక్కర్లేదని. ఆ పర్మనెంటు ముగ్గురూ ఎవరో నాకు తెలీదు. ఆ ఆదివారం తోటలో టీ తాగినవాళ్ళే అయుంటారు.

పదిరోజుల తర్వాత సారా షాపుకొచ్చింది. లారీ డ్రైవరు మత్స్యలింగం తన ప్యాంటు కోసం బల్ల మీద కూర్చునున్నాడు. సారా కూర్చోలేదు. కవర్లోంచి ఆ పచ్చ ప్యాంటు తీసి, కత్తిరించే బల్ల మీద పరిచి, జేబు సంచి బయటికి లాగింది. మూల నీలం సిలువ.

"జీపులో తెచ్చినప్పుడు ఆడి ఏళ్ళు దీనిమీదే ఉన్నాయంట అన్నియ్యా," అంది. "బయటికి లాగి సూపిస్తే నువ్వు కుట్టిందేనని తేలిపోయీది. నీ బొటనేలు సూసి మానేసినాడంట. నిన్న రేత్రి గానీ నాతో సెప్పనేదు."

ఆ పిల్లాడు నాలుగు రోజులు అక్కడ ఆ ప్యాంటుతోనే ఉన్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు జేబు తిరగేసి చూపించొచ్చు. చూపించలేదు. నేను వాడికి క్షేమమని కుట్టిన గుర్తు నా క్షేమానికి దాచాడు.

వాడెలా ఉన్నాడని అడిగాను. బోర్లా పడుకుంటున్నాడని చెప్పింది.

"ఉద్దోగం పోతే పోయింది. నిన్ను తిట్టడానికి రానేదు," అంది. "ఒక్క మాట కోసరం ఒచ్చినాను. ఇది నేనే కుట్టినానని నోటితో సెప్పు. ఇంటికెళ్ళి ఆడికి సెప్తాను. మావయ్య ఒప్పుకున్నాడని తెలిస్తే ఆడు లేచి కూకుంటాడు."

"నేనే కుట్టాను," అన్నాను.

అన్నాను గానీ, అనే ముందు నా కళ్ళు మత్స్యలింగం మీదికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి గుమ్మంలోంచి రోడ్డు మీదికి వెళ్ళి వచ్చాయి. గొంతు కూడా దానంతటదే తగ్గిపోయింది. సారా నా కళ్ళు ఎటెటు తిరిగాయో చూస్తూ నిలబడింది. జేబు లోపలికి తోసి, ప్యాంటు మడత పెట్టి, కవర్లో పెట్టుకుంది.

"ఇది ఆడికి సెప్పనులే అన్నియ్యా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.