మొదటి పలుగుపోటు

ఆశ్వయుజ మాసమున మూడు దినములనుండి తెరపి యెరుగక కురియుచున్న వర్షధారలచే నల్లమల పాదమందలి గుండ్లవరము చెరువు కలుషజలపూరితమై తీరములొరయుచు అపరాహ్ణముననే సాయంసంధ్యను తలపించు మేఘాంధకారమున ఘూర్ణిల్లుచుండెను. అలుగు పారి పారి అలసినది. కట్ట నడుమ నొకచోట మన్ను జారి లోపలి రాతిపేర్పు బయలుపడెను. ఊరి మగవారందరును గొంగళ్లు కప్పుకొని కట్టపై నిలిచి ఒక్కని మొగమునే చూచుచుండిరి.

ఆ యొక్కడు తిమ్మప్ప. ఇరువదిరెండేండ్లవాడు. తూములను కట్టను కాచు నీరటి వృత్తి తరతరములుగా అతని యింటిదై యుండగా తండ్రి పెద్దోబన్న గడచిన వేసవిలో కాలధర్మము నొందుటచే ఆ భారము అతనిపై బడెను. ఆ యూర నొక కట్టడి కలదు. కట్ట తెగునని తోచినప్పుడు ఉత్తరపు కొనను తామే గండికొట్టి నీటిని పల్లమునకు విడిచి ఊరిని కాచుకొందురు. మొదటి పలుగుపోటు మాత్రము నీరటియే వేయవలయును. అతడు వేయనిదే యొరులు పలుగు ముట్టరు. వేయుమని గాని వలదని గాని పెదవి విప్పరు. మన పెద్దలు ఎంతటి తెలివిగలవారో చూడుడు! పిమ్మట నిందింపవలసివచ్చినచో వెదుకబనిలేకుండ ఒక్కడే యుండును.

ఉత్తరపు కొన క్రింద కోతకు వచ్చిన వరిమడులు రెండు కలవు. అవి తిమ్మప్ప మేనత్తయగు సుంకులమ్మవి. తల్లిని గోల్పోయిన మూడేండ్ల తిమ్మప్పను నాడు ఒడిలో వేసికొని తన సంతానహీనతాదుఃఖమును వానితో మరచిన వితంతువు ఆమె. ఆ మడులు పండిననే యామెకు ఏడాది గ్రాసము.

"ఏమప్పా నీరటీ, కట్ట నిలుస్తాదా?" అని పెద్దకాపు నాగిరెడ్డి యడిగెను.

"నాకు తెల్దు రెడ్డీ. నువ్వేమంటావు?"

"నేనేమంటా? మీ నాయనుంటే నాయన్నడుగుదుము. ఇప్పుడు నువ్వే గదా."

తిమ్మప్ప అప్రయత్నముగా వెనుదిరిగి చూచెను. వెనుక నెవ్వరును లేరు. మీసము మొలిచిననాడో స్వహస్తముతో మడక పట్టి దున్నిననాడో తనకు పెద్దరికము వచ్చెనని అతడు మురిసియుండెను. పెద్దరికముతోపాటు తెలివియు వచ్చుననియు ఏ కట్ట నిలుచునో ఏ కట్ట తెగునో తండ్రికివలె తనకును తెలిసిపోవుననియు నమ్మియుండెను. ఇప్పుడు గొంగడినుండి నీరు కారుచుండ నిలిచిన యా క్షణమున అతనికి భయంకరమైన సత్యమొకటి స్ఫురించెను. తండ్రికిని తెలియదు. తెలిసినవానివలె నిలిచెను. అంతియే.

తిమ్మప్ప పలుగెత్తి మొదటి పోటు వేసెను. తక్షణమే నలువది పలుగులు లేచెను. గండినుండి వెలువడిన జలప్రవాహము మహాఘోషముతో పల్లమునకు దూకి కనుమూసి తెరచునంతలో పంటను కబళించెను.

గడియసేపటికి వాన వెలిసెను. పడమట ఎండ పొడచూపెను. కట్ట నిలిచెను. గండి కొట్టకున్నను నిలిచియుండెడిదేమో! ఊరు దక్కినదని కొందరనిరి. తొందరపడెనని కొందరు గొణిగిరి. ఏది నిజమో తిమ్మప్పకు ఆ దినమున తెలియలేదు. జీవితాంతమును తెలియలేదు.

ప్రొద్దు క్రుంకుచుండగా అతడు బురదకాళ్లతో మేనత్త యింటికి పోయెను. ఆమె తిట్టవలెనని, వీలైనచో కొట్టవలెనని, అటుపై ఆ యొడిలో తాను తలపెట్టి బిగ్గరగా ఏడ్వవలెనని అతని కోరిక. దారి పొడవున ఆ తిట్లకై అతని ప్రాణము కొట్టుకొనెను.

పొయ్యికడ కూర్చున్న సుంకులమ్మ అతనిని చూచి కొంగుతో కన్నులొత్తుకొని లేచి నిలిచెను. ఇంటి పెద్దలు వచ్చినప్పుడు ఆడువారు లేచి నిలుచుట ఆ సీమ మర్యాద. తాను పెంచిన వానికై యామె యెన్నడును లేవలేదు.

"నీ పంట ముంచినా అత్తా. తిట్టు."

"నిన్ను నేనెట్ల తిడ్తునప్పా? ఊరికి పెద్దోనివైతివి. కూచో, సంగటి చల్లారిపోతాది."

ఆమె పీట వాల్చి వడ్డించి గోడవారగ నిలుచుండెను. కూర్చుండుమని అతడు రెండుమార్లు వేడెను. ఆమె కూర్చుండలేదు. తిమ్మప్ప తలవంచుకొని ఆ పీటపై ఒంటరిగా భుజించెను.