ఒకే మైకులో అందరూ

ఆయన బస్టాండులో అనౌన్సరు. మొహం ఎరిగినవాళ్ళు తక్కువే కానీ, ఆ ఊళ్ళో ఆయన గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో ఆయన తాపీగా చెబుతుంటే, పిల్లల్నీ సామాన్నీ ఈడ్చుకుంటూ పరుగెత్తేవాళ్ళకు సగం కంగారు తగ్గేది. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. అది మామూలు పుండు కాదని తేలేసరికి ఆలస్యమైపోయింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరి ఆడడానికి మెడ కింద రంధ్రం పెట్టారు. ప్రాణమైతే దక్కింది.

అలాంటివాళ్ళకు మళ్ళీ మాట నేర్పే గది ఆసుపత్రి పై అంతస్తులో ఉంది. భార్య పోరు పడలేక అక్కడికి వెళ్ళాడు. గాలిని మింగి, త్రేన్పులా పైకి తెచ్చి, దానితోనే మాట పలకాలి. ఎంత సాధన చేసినా అది బొంగురుగానే వస్తుంది. నేర్పే ఆవిడను అందరూ టీచరమ్మ అనేవారు. పొడుగాటి బల్ల చుట్టూ అందరినీ కూర్చోబెట్టి, నడిమధ్యన చదునైన నల్లటి మైకు ఒకటి పెట్టేది. సబ్బుపెట్టె కన్నా ఎత్తుండదు. దాని మీదకు ఎవరూ వంగక్కర్లేదు, చేతిలోకి తీసుకోనక్కర్లేదు. బల్ల చుట్టూ ఎవరు ఏ మూల నుంచి మాట్లాడినా పట్టేస్తుంది. ఎవరు ఎంత మెరుగయ్యారో వాళ్ళకు వినిపించడానికే ఆ రికార్డింగు.

మొదటిరోజు అనౌన్సరు అలవాటు కొద్దీ ముందుకు వంగి మైకు మీద వేలితో ఠకఠకా కొట్టాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న టీచరమ్మ ఉలిక్కిపడి చెవులు పట్టుకుంది. బల్ల మీద వేళ్ళు ఆడించినా దానికి ఉరిమినట్టే వినబడుతుందనీ, హాయిగా వెనక్కి ఆనుకుని మాట్లాడమనీ చెప్పింది. ఎదురుగా ఉన్న టైలరు పడీ పడీ నవ్వాడు. వరసలు కలపడంలో అతను ఘటికుడు. ఆ పూటే అనౌన్సర్ని బావగారిని చేసేశాడు.

“నా మెడ కుట్టింది డాక్టరే,” అన్నాడు మాటమాటకూ గాలి మింగుతూ. “ఒప్పుకోవాలి బావగారూ, నాకంటే సన్నంగా కుట్టాడు.”

కొన్ని వారాలకు అనౌన్సరు ధైర్యం చేశాడు. స్నానాలగదిలో తలుపేసుకుని సాధన చేసిన మాటలు రెండే: “ప్రయాణికులకు మనవి.” అవి నోట్లోంచి వచ్చాయో లేదో, బల్ల చుట్టూ నవ్వు లేచింది. ఆయన మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచి మళ్ళీ పెదవి కదిపితే ఒట్టు. రికార్డింగు వినమంటే తల అడ్డంగా ఊపేవాడు. ఇంట్లోనైనా, బయటైనా ఫోన్లో టైపు చేసి చూపించడమే. భార్య మనసు కష్టపెట్టలేక మాత్రం వారం వారం వచ్చి కూర్చునేవాడు.

ఇంతలో టైలరుకు జబ్బు తిరగబెట్టింది. అతని కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. తర్వాత కబురొచ్చింది.

దినాలు గడిచాక టైలరు భార్య ఆ గదికి వచ్చింది. తన భర్త మాట ఉన్న రికార్డింగు ఒక్కటైనా ఇమ్మని అడిగింది. పాత గొంతు పెళ్ళి వీడియోలో ఉందట.

“ఆ గొంతు నాకిప్పుడు ఎవరిదోలా ఉంటుందండీ,” అంది. “పోయేముందు నాతో మాట్లాడింది ఈ గొంతే. ఇదే కావాలి.”

టీచరమ్మ ఇరకాటంలో పడింది. మనిషికో మైకు ఉండి ఉంటే అతని మాట ఒక్కటే తీసి ఇచ్చేది. ఇక్కడ అందరి మాటా ఒకే మైకులో కలిసిపోయింది. ఈ గదిలో రికార్డయింది గడప దాటించనని అందరికీ మాట కూడా ఇచ్చి ఉంది. ఏ ఒక్కరు వద్దన్నా ఇవ్వలేనని చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు సరేనని తలూపారు. అనౌన్సరు ఊపలేదు. నలుగురూ నవ్విన ఆ బొంగురు మాట ఎవరి ఇంట్లోనో మోగుతుందంటే ఆయనకు కంపరంగా ఉంది. కానీ టైలరు భార్య గుమ్మం దగ్గర చేతిసంచీ నలుపుకుంటూ నిలబడి ఉంది. ఆయన ఫోన్ తీసి, ముందు తాను వింటానని టైపు చేసి చూపించాడు.

టీచరమ్మ హెడ్‌ఫోన్లు ఇచ్చింది. అందులో కుర్చీల కిర్రు, ఎవరిదో దగ్గు, తర్వాత ఆయన పలికిన ఆ రెండు మాటలు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండో మాట పూర్తవుతుండగానే, బల్ల అవతలి చివర నుంచి, పక్కామెతో టైలరు నెమ్మదిగా అన్న మాట ఒకటి ఉంది. ఆ రోజు ఆయన చెవిన పడనిది: “హమ్మయ్య, మా బావ బస్సు వచ్చేసింది.” నవ్వు లేచింది ఆ తర్వాతే. అందులో టీచరమ్మ నవ్వు కూడా ఉంది.

ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. తన గొంతు తనకు నచ్చలేదు. అది నచ్చే గొంతు కాదు. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఎదురుగా మూతి బిగించుకుని కూర్చున్నందుకు మాత్రం గుండె పిండేసినట్టయింది. హెడ్‌ఫోన్లు తీసి టైలరు భార్య చేతికిచ్చాడు. ఆవిడ వింటూ వింటూ పెదవి కొరుక్కుంది. ఆ బావ ఎవరని కాసేపటికి అడిగింది.

ఆయన గాలి మింగాడు. మొదటిసారి ఏమీ రాలేదు. మళ్ళీ మింగాడు.

“నేనేనమ్మా.”

“మీ గురించి ఇంట్లో చెప్పేవారు,” అందావిడ. “బావ అలిగాడు, ఈ వారం కూడా మాట్లాడలేదు అని.”

ఆ రికార్డింగు ఇవ్వమని ఆయన టీచరమ్మకు చేత్తో సైగ చేసి బయటికొచ్చాడు.

వరండాలో బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. ఏమైందని కళ్ళతోనే అడుగుతూ, ఎప్పటిలాగే ఆయన జేబులోని ఫోన్ వైపు చూసింది. ఆయన ఫోన్ తీయలేదు.

“పోదాం పద,” అన్నాడు.

ఆవిడ చెయ్యి బెంచీ మీదే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి, చీర సర్దుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“మెల్లిగా. మెట్లు కడిగారు, తడిగా ఉన్నాయి.”