వేస్టాయిలు పురుగులు

డిపో మేనేజరు తెచ్చిన మట్టిని అత్తగారు తన ఆఫీసు బల్ల మీద పాత పేపరు పరిచి కుమ్మరించింది. నల్లగా, జిడ్డుగా, వేస్టాయిలు కంపు కొడుతోంది. బస్సుల కింద ఏళ్ల తరబడి కారిన ఆయిలుతో పాడైన నేల అది. దాని మీద అత్తగారి కంపెనీ డ్రమ్ముల్లో అమ్మిన మందు చల్లి చాలా రోజులైంది. ఈపాటికి కంపు వదిలి మట్టి పొడిపొడిగా రాలాలి. "మీరిచ్చింది మందు కాదమ్మా, పులిసిన నీళ్లు" అని మేనేజరు ముఖం మీదే అనేసి వెళ్లిపోయాడు.

"విన్నావా అమ్మా, నీ చిన్నకోడలి ఘనకార్యం!" అన్నాడు పెద్దకొడుకు.

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ఘనకార్యం ఎవరిదో ఆమెకి తెలుసు, ఆ మాట అన్న బావగారికీ తెలుసు. అయినా నోరు ఎంత తేలిగ్గా తిరిగిందో చూడండి.

వాళ్లది బేకరీలకి ఈస్టు చేసే ఫ్యాక్టరీ. మామగారు పోయాక అత్తగారే పగ్గాలు పట్టుకుంది. బావగారు ట్యాంకుల దగ్గరే పెరిగాడు. చెరకు మడ్డి పోస్తే ఈస్టు పొంగుతుంది, ఇంకా పోస్తే ఇంకా పొంగుతుంది, ఆయన నేర్చిన విద్యంతా అదే. చిన్నకొడుకు, అంటే ఈమె మొగుడు, సరుకు లారీలకి ఎక్కించి పంపుతుంటాడు. అమ్మ ఒకటంటే అవునంటాడు, పెళ్లాం ఇంకోటంటే అదీ అవునంటాడు. గోడ మీద పిల్లి.

చిన్నకోడలు సూక్ష్మజీవుల చదువు చదువుకుంది. పుట్టింటివాళ్ల లారీ రిపేరు షెడ్డులో, ఆయిలు తాగి తాగి నల్లబడ్డ మట్టిలోంచి, ఆయిలునే తిని బతికే బ్యాక్టీరియాని పట్టింది. ఇంట్లోవాళ్లు వాటికి వేస్టాయిలు పురుగులని పేరు పెట్టారు. మొదట చల్లిన చోట్ల అవి నేలని శుభ్రంగా నాకేశాయి. ఆ సంబరంలో అత్తగారు ఈస్టు ట్యాంకుల పక్కన ఆమెకో చిన్న ల్యాబు కట్టించి తాళంచెవి చేతిలో పెట్టింది; డ్రమ్ములకి సరిపడా పురుగుల్ని ట్యాంకుల్లో పెంచే పని మాత్రం పెద్దకొడుక్కి అప్పజెప్పింది. ఆ ఇంట్లోగానీ ఫ్యాక్టరీలోగానీ ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ గది ఒక్కటే. ఇప్పుడు బావగారి కన్ను దాని మీదే పడింది.

"అసలవి ఆయిలు తింటాయన్నదే అబద్ధం," అన్నాడాయన. "అప్పుడేదో వానకి కొట్టుకుపోయింది, ఈవిడ నా పురుగులే తిన్నాయని డప్పు కొట్టుకుంది. ఆ గది నాకిచ్చెయ్యమ్మా, గోడ పగలగొట్టించి ఇంకో ఈస్టు ట్యాంకు పెట్టిస్తాను."

"బావగారూ, మీరు వాటికి చెరకు మడ్డి పోశారా, లేదా? అది చెప్పండి ముందు."

"పోశాను. తప్పా? నువ్వు చెప్పినట్టు ఉత్త ఆయిలు మీద పెంచితే ఒక్క డ్రమ్ము నిండేసరికి నా గడ్డం నెరిసేది. మడ్డి పోశాక చూడు, ట్యాంకు ట్యాంకంతా ఎంత చిక్కగా ఉందో!"

"చిక్కగానే ఉంది. చేసే పనే మరిచిపోయాయి."

"మరిచిపోవడమేమిటే? నాకర్థమయ్యేట్టు ఏడువు," అంది అత్తగారు.

చిన్నకోడలు కోపాన్ని పళ్లకింద నొక్కిపట్టి చెప్పింది. "బతకడానికి కావాల్సిన జన్యువులన్నీ బ్యాక్టీరియాలో ఒక పెద్ద ఉంగరంలా చుట్టుకుని ఉంటాయత్తయ్యా. మన పురుగులకి ఆయిలు తినే విద్య అందులో లేదు. విడిగా ఇంకో చిన్న ఉంగరం ఉంది, ప్లాస్మిడ్ అంటారు. విద్యంతా దాంట్లోనే. దాన్ని మొయ్యడం వాటికి బరువు. ఆయిలు తప్ప ఇంకేం దొరకనప్పుడు చచ్చినట్టు మోస్తాయి. తియ్యటి మడ్డి నోటికాడికే వస్తుంటే ఎందుకు మోస్తాయి? ఒకటి రెండుగా చీలేటప్పుడు ఎప్పుడో ఒకసారి చిన్న ఉంగరం ఓ పిల్లకి అందకుండా పోతుంది. బరువు లేని ఆ పిల్ల మిగతావాటికన్నా గబగబా పెరుగుతుంది. చివరికి ట్యాంకు నిండా దాని సంతానమే."

"వేలికున్న ఉంగరమా, జారిపోవడానికి!" బావగారు పకపకా నవ్వాడు.

"సరే, ఫ్రీజర్లో దాచిన పాతవుంటాయిగా, అవి తీసి చూపించు," అంది అత్తగారు.

"అది నన్ను కాదు, మీ పెద్దబ్బాయిని అడగండి. నేను ఊళ్లో లేనప్పుడు పురుగులున్న నా గొట్టాలన్నీ చెత్తలో పోసి ఫ్రీజరు నిండా ఈస్టు సర్దుకున్నారు."

"గుప్పెడు గొట్టాలకి అంత ఫ్రీజరెందుకూ?" అన్నాడు బావగారు, ఏమాత్రం సిగ్గు లేకుండా. చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. ఆ మహానుభావుడు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

అత్తగారు మట్టిని పేపరులో మూట కట్టి పక్కకి నెట్టింది. "నెల రోజులిస్తాను. నా కళ్లెదుట ఆయిలు తినిపించు. లేదంటే తాళంచెవి పెద్దాడి చేతిలో పెట్టి వంటింట్లో కూచో."

ట్యాంకులోవి తెచ్చి, మడ్డి మాన్పించి, ఆయిలు మీద పెట్టి చూసింది చిన్నకోడలు. ఒక్కటీ లేవలేదు. ఇక మిగిలింది మొదట వాటిని పట్టిన అన్నయ్య షెడ్డు మట్టే. అక్కడికి వెళ్లాలంటేనే ఆమెకి ప్రాణం చచ్చిపోయింది. పెళ్లయ్యాక ఆ వైపు తొంగి చూసింది తక్కువ. మీ అన్నయ్యేం చేస్తారని ఎవరైనా అడిగితే ఏదో వ్యాపారమని మాట దాటేసేది. డ్రమ్ముల మీద 'మా పరిశోధనలో కనుగొన్నది' అని గొప్పగా అచ్చు వేయించింది, షెడ్డు ఊసే ఎత్తలేదు.

షెడ్డులో ఒక లారీ కింద నుంచి అన్నయ్య పాదాలు రెండూ బయటికి కనిపిస్తున్నాయి.

"అన్నయ్యా, నేను."

పాదాలు కదల్లేదు. "పెద్దింటి కోడళ్లు ఇటు రారే! దారి తప్పారా?"

"చీర జాగ్రత్తమ్మా," అంది వదిన, టైర్ల మధ్య నిలబడి. "గ్రీజంటితే మీ వాళ్లు గేటు లోపలికి రానివ్వరేమో."

"కాస్త మట్టి కావాలన్నయ్యా. ఇది లేకపోతే నా ల్యాబు పోతుంది."

అన్న లారీ కింద నుంచి జరిగి బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. "మట్టా! డ్రమ్ము మీద మా షెడ్డు పేరు వెయ్యడానికి నామోషీ. మట్టి అడగడానికి మాత్రం లేదు, ఏం?"

"తప్పయిపోయింది."

"తప్పు కాదు, బలుపు. బాగా మేపారు నిన్నక్కడ. మెత్తటి తిండికి మరిగి పుట్టుకతో వచ్చిన పని మరిచిపోయావు. చిన్నప్పుడు నాకంటే ముందు నట్టు విప్పేదానివి, గుర్తుందా?"

చెంప ఛెళ్లుమనిపించినట్టయింది ఆమెకి. ట్యాంకులో పురుగుల గురించి తను అత్తగారికి చెప్పిన మాటే ఇది.

"గునపం అక్కడుంది. కావాలంటే తవ్వుకో. నేను మాత్రం ముట్టను," అని అన్న మళ్లీ లారీ కింద దూరాడు.

కొంగు నడుముకి చుట్టి తవ్వింది. ఆయిలు తాగి గట్టిపడ్డ నేల, గునపం దిగితే ఒట్టు. అరచేతులు బొబ్బలెక్కాయి. వదిన చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన ఠపీమని పెట్టి పోయింది. అంత కోపంతో పెట్టిన నీళ్లు అంత తియ్యగా ఉంటాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ల్యాబులో ఆ మట్టిని ఉప్పులు కలిపిన నీళ్లలో వేసి, తిండికి వేస్టాయిలు తప్ప ఇంకేమీ పెట్టకుండా మాడ్చింది. తినలేనివి చచ్చాయి. తినగలిగినవి నిలిచాయి. వాటిని తీసి మళ్లీ మాడ్చింది. గడువు దగ్గరపడేసరికి రెండు గాజు సీసాలు అత్తగారి గదికే తెచ్చి ఆవిడ బీరువా మీదే పెట్టింది. ఒకదాంట్లో బావగారి ట్యాంకులోవి, ఒకదాంట్లో షెడ్డువి. రెంటి మీదా వేస్టాయిలు నల్లటి మూతలా తేలుతోంది.

వారం తరవాత అందర్నీ పిలిచి అత్తగారు సీసాలు కిందికి దించింది. మొదటిదాంట్లో నల్లటి మూత అలాగే ఉంది. రెండోదాంట్లో ఆయిలు తునాతునకలై నీళ్లలో కలిసి మట్టిరంగుకి తిరిగింది. అత్తగారు చెంచాతో కలిపి వాసన చూసింది.

"సబ్బేదో కలిపుంటుంది," అన్నాడు బావగారు.

"నా గదిలోనా? అంటే నేను కలిపాననా?" అంది అత్తగారు.

చిన్నకోడలికి ఒళ్లంతా తేలికైపోయింది. ఇన్నాళ్ల అవమానం ఇవాళ తీరిందనుకుంది, పిచ్చిది.

"మంచిది," అంది అత్తగారు. "ఈ సీసా పెద్దాడికివ్వు, వాడు పెంచుతాడు. తాళంచెవి కూడా వాడి దగ్గరే ఉండనీ. పనివాళ్ల ముందు వాడి పరువు పోకూడదుగా. నీకు గది కావాల్సినప్పుడు వాణ్నడిగి తీసుకో."

"నెగ్గింది నేను కదత్తయ్యా!"

"కాదన్నానా? కానీ వాడు నా పెద్దకొడుకు."

చిన్నకోడలు తాళంచెవి తీసి సీసా పక్కన పెట్టింది. "బావగారూ, ఆఖరిసారి చెబుతున్నాను. వీటికి ఆయిలు తప్ప ఇంకేమీ పెట్టకండి. ఆకలితోనే ఉంచండి."

"పెంపకం గురించి నాకు చెప్పొచ్చావా!" సీసా ఎత్తుకుని ఆయన ట్యాంకుల వైపు నడిచాడు.

ఆమె మెట్లు దిగుతుండగానే మడ్డి పంపు గుడగుడమంది. వెళ్లి ఆపొచ్చు. ఆపలేదు. పోసుకో నాయనా, కడుపారా పోసుకో అనుకుంటూ చెప్పులేసుకుంది.

ఆమె బట్టల సంచితో షెడ్డుకొచ్చేసరికి అన్న బానెట్టులో తల దూర్చి ఉన్నాడు. "మళ్లీ మట్టికా?"

"కాదు, పనికి. ఈసారి డ్రమ్ముల మీద షెడ్డు పేరే వేస్తాను."

అన్న ఆమెని ఎగాదిగా చూశాడు. "ఆ స్పానరు ఇలా అందుకో," అన్నాడు. కొన్నాళ్లకి మొగుడు కూడా బట్టలు సర్దుకుని వచ్చేశాడు. పిల్లి ఎట్టకేలకు గోడ దిగింది.

షెడ్డు వెనక రేకుల గదిలో ఆయిలు మీదే పెరిగిన పురుగులు డిపో నేలని బాగుచేశాయి. ఆ కబురు అందాక ఒకరోజు అత్తగారి కారు షెడ్డు ముందు ఆగింది. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఆయిలు మరకలు తప్పించుకుంటూ లోపలికొచ్చింది.

"పెద్దాడి డ్రమ్ములు మళ్లీ పులిసిన నీళ్లే అయ్యాయి. కొన్నవాళ్లంతా వెనక్కి పంపుతున్నారు," అంది. అంటున్నప్పుడు కోడలి ముఖంలోకి చూడలేదు. "ఆ పురుగులు కాసినివ్వు. ఇదిగో, తాళంచెవి కూడా తెచ్చాను."

చిన్నకోడలి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. తాళంచెవి కోసం చాచలేదు.

"పురుగులు ఈ మట్టిలోనే ఉన్నాయత్తయ్యా. గునపం అక్కడుంది. కావాలంటే తవ్వుకోండి. నేను మాత్రం ముట్టను."

వదిన చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అత్తగారిని చూసింది. చెంబు మళ్లీ లోపలికి తీసుకెళ్లిపోయింది.