ఈదవ్వ పళ్ళు తీసిన పటకారు

నేను ఒక పటకారును. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. కోర్టు వెనక గదిలో, మూడు గొడ్డళ్ళకూ ఒక తుప్పు సైకిలుకూ నడుమ, మెడకు అట్టముక్క కట్టించుకుని పడున్నాను. గొడ్డళ్ళను కదిలిస్తే తమ తప్పేమీ లేదంటాయి. నాకు ఆ మాట అనే ముఖం లేదు.

నన్ను చేసింది బొంతగుట్ట కమ్మరి కనకాచారి. పాత జీపు కమాను పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నడుమ మేకు బిగించాడు. జానెడు ఉంటాను. మొదట్లో కాలిన కొడవళ్ళను పట్టుకోవడమే నా పని. ఒకనాడు దవడ వాచి ఏడుస్తూ వచ్చిన గొర్రెలకాపరి నోట్లో నన్ను దూర్చి, చారి పుచ్చుపన్ను లాగేశాడు. ఇంకేముంది, ఊరికి పళ్ళ డాక్టర్ని నేనే. పన్ను ఊడినవాడు ముందు చారిని నోటికొచ్చినట్టు తిట్టి, నెత్తురు ఉమ్మి, ఆ తర్వాత దండం పెట్టేవాడు. నాకు భలే గర్వంగా ఉండేది.

అదే ఊళ్ళో ఈదవ్వ అని ఒకావిడ. మొగుడు పోయాక గుట్ట కింద ఒక్కతే ఉండేది. కామెర్లకు ఆకుపసరు పోసేది. పటేలు రాజలింగం మనుమరాలికి కామెర్లు వస్తే ఆవిడనే పిలిపించారు. పసరు పోసింది. రెండోనాడు పిల్ల కళ్ళు చూసి, "ఇది నాతోని గాదు పటేలా, పెద్దదవఖానకు తీస్కపోండ్రి" అని చెప్పింది. పత్తి ఏరే రోజులు. పటేలు నాలుగు రోజులు ఆగాడు. చివరికి బయల్దేరితే పిల్ల దారిలోనే పోయింది.

ఆ నాలుగు రోజుల బరువును పటేలు ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. ఈదవ్వ నెత్తిన దించాడు. బాణామతి చేసి పిల్లను చంపిందన్నాడు. మర్నాటికి ఊరంతా అదే మాట.

పొద్దున్నే పంచాయతీ ఆఫీసు ముందు ఆమెను కూర్చోబెట్టి అడిగారు. ఏం అడిగారంటారా? జవాబు లేని ప్రశ్నలు. తెలియదంటే దాస్తోందన్నారు. పసరు పోశానంటే ఒప్పుకుందన్నారు. ఏడిస్తే దొంగ ఏడుపన్నారు, ఏడుపు ఆపితే చూడండి గుండె రాయి అన్నారు. "ఇంకెవలున్నరు నీతోని? పేర్లు చెప్పు, ఇడిసిపెడ్తం" అన్నాడు పటేలు. ఎవరో ఒకరి పేరు చెబితే ఆమె బయటపడేది. చెప్పలేదు.

అప్పుడు వచ్చింది నా వంతు. ముందుపళ్ళు తీసేస్తే మంత్రానికి నోరు తిరగదని ఆ ఊరి నమ్మకం. చారిని పిలిపించారు.

"అవి పుచ్చిన పండ్లు గావు పటేలా, మంచియి" అని నసిగాడు చారి.

"ఏం చారీ, నువ్వు గూడ దానితోని నేర్చుకున్నవా?"

పటేలు గొంతు కూడా పెంచలేదు. ఆ ఒక్క మాట చాలింది. చారి నడుముకున్న సంచిలోంచి నన్ను తీశాడు.

"కనకయ్యా, నీ బిడ్డకు పసరు పోసింది నేను గాదా" అంది ఈదవ్వ.

చారి కళ్ళు మూసుకుని నన్ను ఆమె నోట్లో పెట్టాడు. నేను జారలేదు. నా బాధంతా అదే. నా మేకు అప్పటికే వదులైపోయింది. పుచ్చుపళ్ళ దగ్గర ఎన్నోసార్లు పట్టు తప్పి జారాను. ఆ పూట కూడా జారి ఉంటే చారి ఆగేవాడేమో, జనం చల్లబడేవారేమో. నేను బిగబట్టి పట్టుకున్నాను. పైన నాలుగు, కింద నాలుగు. గట్టి పళ్ళు, వేళ్ళతో సహా వచ్చాయి. చూస్తున్నవాళ్ళలో ఒకడు, పటకారు మంచిగ పట్టింది అన్నాడు. ఇప్పటికీ ఆ మెప్పు తలుచుకుంటే నన్ను నేను కొలిమిలో పడేసుకోవాలనిపిస్తుంది.

ఆశా వర్కరు ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. రెండేళ్ళకు కేసు కోర్టుకెక్కింది. ఈదవ్వకు కావలసింది ఒక్కటే. పటేలుకు శిక్ష పడితే ఆమె మళ్ళీ ఊళ్ళో తన గుడిసెలో ఉండగలదు. లేకపోతే ఉండలేదు.

నన్ను చూపించి "ఇదేనా?" అని అడిగారు. ఆమె నన్ను చేత్తో పట్టుకుని, నోరు తెరిచి, ఖాళీ చిగుళ్ళ దగ్గర పెట్టి చూపించింది. మరి తీయమన్నది ఎవరని అడిగారు. ఆమె చెప్పింది. గాలే తప్ప మాట రాలేదు. టైపు చేసే అమ్మాయి తలెత్తి చూసింది.

"కొంచెం స్పష్టంగా చెప్పమ్మా" అన్నాడు పటేలు తరఫు వకీలు.

మళ్ళీ చెప్పింది. మళ్ళీ అడిగాడు. మూడోసారి, నాలుగోసారి. వేలు చూపిస్తే, అక్కడ పదిమంది నిలబడ్డారు, ఎవరినమ్మా అన్నాడు. మంత్రం రాకూడదని మేం తీసిన పళ్ళతో ఆమె సాక్ష్యం కూడా పోయిందని నాకు అప్పుడు తెలిసింది.

ఆమె మాట అర్థమైనవాడు ఆ గదిలో, ముద్దాయిల్లోనే, ఒకడున్నాడు. చారి. జడ్జి అతన్నే అడిగాడు, ఎవరు చేయించారని. చారి పటేలు వైపు చూశాడు. అతని కొలిమి ఉన్నది పటేలు జాగాలో.

"ఎవ్వలు చెప్పలేదు సార్. నేనే చేసిన."

చారికి మూడేళ్ళ శిక్ష పడింది. పటేలు ఇంటికి వెళ్ళాడు. ఊరు కోరిందని పటేలంటాడు, పటేలు చెప్పాడని ఊరంటుంది, చేతిదేముందని చారి, ఇనుముదేముందని నేను. అలా అనుకుంటూ పోతే ఈదవ్వ పళ్ళు వాటంతటవే ఊడిపోయినట్టు లెక్క.

ఆ సాయంత్రం నన్ను ఈ గదిలో పెట్టడానికొచ్చిన కానిస్టేబులు గుమస్తాతో అన్నాడు: "ఆ ముసలమ్మ బొంతగుట్ట బస్సు వచ్చినా ఎక్కలేదు సార్. బస్టాండ్ల గట్లనే కూసున్నది. యాడికి పోతవవ్వా అంటే ఏందో చెప్పింది గని, నాకు సమజ్ గాలే."

"మళ్ళ అడగలేదా?" అన్నాడు గుమస్తా.

"నాకు డ్యూటీ అయిపోయింది సార్" అని, కానిస్టేబులు తలుపు మూశాడు.